ఏనుగు కదిలేదాకా

కిందటి వారం భారతీదేవిని జాంబియా దేశంలో, లువాంగ్వా నది గట్టున, చేతిలో టీ గ్లాసుతో నిలబెట్టి వచ్చాం. ఆ టీ ఆమె తాగలేదు. ఎందుకు తాగలేదో మధ్యలో బండెక్కినవారికి కూడా తెలియాలి కదా, ముందు ఆ నాలుగు ముక్కలూ చెప్పుకుందాం.

భారతీదేవి భర్త సాంబయ్యకు జగ్గయ్యపేటలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. ముప్ఫై ఏళ్ల కొట్టు. పోయినేడు మిరప విత్తనాల అమ్మకాల్లో ఆయన టార్గెట్ కొట్టాడు. టార్గెట్ కొట్టిన డీలర్లను కంపెనీవాళ్లు ఖర్చు పెట్టుకుని ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. ఇంతకుముందు రెండుసార్లు బ్యాంకాక్ తీసుకెళ్లారు. ఆ ఊరికి భార్యలను ఎందుకు రమ్మనలేదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈసారి మాత్రం భార్యాసమేతంగా ఆఫ్రికా అడవులు, ఏటి ఒడ్డు గుడిసెల్లో మకాం.

ఆ టార్గెట్‌లో చివరి నలభై పాకెట్లు భారతీదేవి తమ్ముడు నరేంద్ర చేలో పడ్డాయి. చందర్లపాడు దగ్గర అతను కౌలుకు చేస్తున్న ఐదెకరాల్లో మిరప చెట్లు నడుమెత్తు పెరిగాయి, కాయ మాత్రం నిలవలేదు. ఆ విత్తనంతో మునిగిన రైతులు చాలామందే ఉన్నారు. వాళ్లకు పరిహారం ఇప్పించడానికి వచ్చే సోమవారం నందిగామలో ఆఖరి విచారణ. బిల్లు చూపించినవాళ్ల పేరే జాబితాకెక్కుతుంది. నరేంద్ర దగ్గర బిల్లు లేదు. సొంత బావ కొట్లో బిల్లు అడిగిన బామ్మర్ది మన చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాడా?

ఇక ఈ ఉదయం సంగతి. నడకలో అలిసి అందరూ నది గట్టున కూలబడినప్పుడు, వెంట వచ్చిన కంపెనీ ఏరియా మేనేజర్ జయరాజ్ నవ్వుతూ ఒక మాట జార్చాడు. "ఆ మిరప విత్తనం లాటు తేడాగా ఉందని పోయినేడు జూలై పదో తారీఖునే డీలర్లందరికీ ఫోన్లు చేశాం మేడమ్, మిగిలిన సరుకు వెనక్కి పంపేయమని. సాంబయ్య గారైతే ఒక్క పాకెట్టు కూడా మిగల్లేదన్నారు. అంత స్పీడు మన సారుది!"

నరేంద్రకు విత్తనం వెళ్లింది ఆ పదో తారీఖు తర్వాతేనని భారతీదేవికి బాగా గుర్తుంది. టీ అక్కడ చల్లారింది.

నడక ముగించుకుని గుడిసె చేరేసరికి పదకొండు దాటింది. తుపాకీ పట్టుకుని ముందొకడు, గైడ్ మోజెస్ ఒకడు, వాళ్ల వెనక చీమల బారులా ఎనిమిది మంది డీలర్లు, వాళ్ల భార్యలు. అలా నడిచి నడిచి భారతీదేవి పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. విజయవాడలో కొన్న కాన్వాసు బూట్లు విప్పితే రెండు మడమలూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఇంటి దగ్గర బయలుదేరి ఆరు రోజులు. ఆరు రోజుల్లో మూడు విమానాలు, రెండు క్యాంపులు, నాలుగింటికి నిద్ర లేపడాలు. చూసిన జంతువుల లెక్క జయరాజ్ దగ్గరుంది గానీ, ఆమెకు గుర్తున్నది మాత్రం ఒళ్లు నొప్పులే.

గుడిసె అంటే నిజంగా గుడిసే. రెల్లుతో అల్లిన గోడలు, గడ్డి కప్పు, ముందువైపు గోడే లేదు, ఎదురుగా చిన్న వసారా, దాని కింద నది. ప్రతి ఏడూ వానలకు ముందు ఇదంతా విప్పేస్తారట, ఏరు పొంగి గట్టుతో సహా పట్టుకుపోతుందట, ఏరు తగ్గాక వచ్చి మళ్లీ కొత్తగా కడతారట. మోజెస్ చెప్పింది జయరాజ్ తెలుగులో చెబితే సాంబయ్య పెదవి విరిచాడు. "ఇంత దూరం తీసుకొచ్చి పత్తి చేలో కాపలా గుడిసెలో పడేశారు. ఆ గుడిసెకైతే కనీసం మన కరెంటుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నిన్నటిదాకా అయితే భారతీదేవి కూడా నవ్వేదే.

ఆమె స్నానం చేసి వచ్చింది. శ్రావణ శుక్రవారం, నోములూ పేరంటాలూ లేకపోయినా నుదుట బొట్టయినా ఉండాలి. మరదలు కృష్ణప్రియ, అంటే నరేంద్ర భార్య, ప్రయాణం ముందు వేదాద్రి వెళ్లి నరసింహస్వామి కుంకుమ తెచ్చి ఇచ్చింది. పసుపు గుడ్డలో చుట్టి ఎర్రదారం కట్టిన చిన్న పొట్లం. గుడ్డ మొత్తం విప్పే ఓపిక లేక రోజూ చేసినట్టే పైన దారం వదులు చేసి, వేలు ముంచి బొట్టు పెట్టుకుంది. పొట్లాన్ని అలాగే వసారాలో బల్ల మీద వదిలేసింది.

సాంబయ్య మంచం మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకు మందు రాసుకుంటున్నాడు.

"ఏవండీ, ఒక మాట అడగాలి."

ఆ గొంతు విని ఆయన ట్యూబుకు మూత పెట్టాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి. ఇంట్లో ఇలాంటి గొంతు వినపడినప్పుడల్లా ఆయనకు కొట్లో జనం నిండిపోతారు. పెళ్లిచూపులు కుదిరినా, పురుడు వచ్చినా, అత్తగారు పోయినా, మాట కాస్త లోతుకు దిగుతుందనిపిస్తే చాలు, "కొట్లో జనం ఉన్నారు, వచ్చాక మాట్లాడదాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తాడు. వచ్చాక మాట్లాడిన రోజు లేదు. ఇక్కడ కొట్టు లేదు గనక జయరాజ్‌ను అడ్డం పెట్టుకున్నాడు.

"జయరాజ్‌తో చిన్న పనుంది. ఇప్పుడే వస్తా" అంటూ చెప్పులేసుకుని పక్కదారిన బయటికి నడిచాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, వేసిన అడుగులు వేసినట్టే వెనక్కి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దారికి అడ్డంగా ఏనుగు. గుడిసె పక్కనున్న తుమ్మజాతి మాను కింద రాలిన ఎండుకాయలను తొండంతో ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది. మెలితిరిగిన కాయలు, దాని నోట్లో కరకరమంటున్నాయి. అవతల ఆఫీసు గుడిసె దగ్గర మోజెస్ రెండు చేతులూ కిందికి ఊపుతూ సైగ చేశాడు. లోపలే ఉండండి, అరవకండి, అది పోయేదాకా కదలకండి. మొదటి రోజే చెప్పిన నియమం అది.

భారతీదేవి అప్రయత్నంగా రెండు చేతులూ జోడించింది. వచ్చే బుధవారం వినాయక చవితి. విఘ్నాలు తొలగించే స్వామి అంటారు గానీ, ఇవాళ ఆయనే దారికి అడ్డొచ్చి నిలబడ్డాడు. అదీ ఆమె మొగుడి దారికి.

సాంబయ్య వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఇక ఆయనకు పోయే చోటు లేదు.

"తమ్ముడికి విత్తనం ఎప్పుడిచ్చారు?" గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడా సంగతెందుకు? అదిగో, ఏనుగుని చూడు ఎంతుందో. ఫోను తీసి ఫొటో కొట్టు."

"తొలి ఏకాశి మర్నాడు ఇచ్చారు. ముందు రోజు నాకు ఉపాసం. మర్నాడు పొద్దున్నే వాడొస్తే అట్లు పోసి పెట్టా. తింటా చెప్పాడు, బావ సాయంత్రం ఆటోలో విత్తనం వేయిస్తానన్నాడక్కా అని."

సాంబయ్య కొట్టు పద్ధతి అది. ఊళ్లకు పోయే ఆటోలకు సాయంత్రం పూట కట్టలు వేయిస్తాడు. కట్టలు తారుమారు కాకుండా రబ్బరుబ్యాండు వేసి, పైనున్న పాకెట్టు మీద నీలం స్కెచ్‌పెన్నుతో పేరు, ఊరు, తేదీ రాస్తాడు. ఆ గుండ్రటి అక్షరాలు అటు వేదాద్రి నుంచి ఇటు చందర్లపాడు దాకా రైతులందరికీ తెలుసు.

"ఇస్తే ఇచ్చాలే. అయితే ఏంటి?"

"జయరాజ్ మీకు ఫోన్ చేసింది పదో తారీఖు. ఏకాశి పదిహేడున."

సాంబయ్య ఏనుగు వైపు చూశాడు. దానికి తినడంలో తొందరేమీ లేదు.

"ఆ జయరాజ్‌గాడి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు చివరికి.

"తెలిసే ఇచ్చారా?"

"కంపెనీవాళ్లు చెప్పేవన్నీ నిజాలవుతాయేంటి? ఏటా ఏదో ఒక లాటు మీద ఏదో ఒకటంటారు. తేడా అంటే మొలక శాతం తగ్గుద్దేమో అనుకున్నా. మొలక బానే వచ్చిందిగా? చెట్టు బానే పెరిగిందిగా?"

"చెట్టు పెరిగింది. వాడు కూరేమన్నా వండుకుంటాడా ఆ ఆకుతో?"

"మెల్లగా మాట్లాడు, ఏనుగుంది."

"మెల్లగానే మాట్లాడుతున్నా. మీరే చెమటలు పోసుకుంటున్నారు."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నలభై పాకెట్లు తక్కువయినయ్ భారతీ. అవి వెనక్కి పంపితే టార్గెట్ పోద్ది. టార్గెట్ పోతే వచ్చే ఏడు మంచి రకాలు పక్క కొట్టుకు పోతాయి. నీకు తెలీదు ఆ బాధ."

"సరే. మరి బయటివాళ్లకు ఎందుకివ్వలేదు? ఆ వారంలో కొట్టుకు మిరప విత్తనం కోసం ఎంతమంది రాలా? ఏరి కోరి మా వాడికే ఎందుకిచ్చారు?"

ఈ ప్రశ్న ఆమె ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాక గానీ, అడగాల్సిన అసలు ప్రశ్న ఇదేనని ఆమెకే తెలియలేదు. ఏనుగు ఇంకో నాలుగు కాయలు తిన్నది.

"బయటివాడికిస్తే, రేపేదన్నా అయితే చెట్లు పీక్కొచ్చి కొట్టు ముందు పోస్తాడు. నలుగుర్ని వేసుకొచ్చి కూర్చుంటాడు. నరేంద్ర అయితే..."

"నరేంద్ర అయితే?"

"మనవాడు."

"మనవాడు గనక నోరెత్తడు. అంతేగా?"

సాంబయ్య కాళ్లు పైకి ముడుచుకున్నాడు. అరికాళ్లకంటిన అడవి దుమ్మును చేత్తో దులుపుకుంటూ కూర్చున్నాడు. ఆ దులుపుకోవడం చూస్తే భారతీదేవికి కోపం కంటే ముందు నీరసం ముంచుకొచ్చింది. ముప్ఫై ఏళ్లు వండి వడ్డించి, జ్వరాలకు కాపలా కాసి, ఈయన మాటే తన మాటగా బతికిన మనిషికి ఒళ్లంతా ఒక్కసారే బరువెక్కింది. పక్కనున్న కుర్చీలో కూలబడింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేడు సరే, మరి ఆ దొంగకు కాపలా కాసిందెవరు? సంక్రాంతి వెళ్లిన వారానికి నరేంద్ర చేలోంచి ఒక్క మిరప చెట్టు వేళ్లతో సహా పీక్కుని జగ్గయ్యపేట వచ్చాడు. కొట్టుకు పోలేదు. ఇంటికే వచ్చి పెరట్లో నిలబడ్డాడు. చెట్టు అతని నడుము దాకా ఉంది, పచ్చగా, ఒక్క కాయ లేకుండా. "బిల్లొకటి రాసిమ్మని బావతో చెప్పక్కా" అన్నాడు. అప్పుడు అక్కగారు ఏమన్నదంటే, "బావ పరువు తీయకురా. బిల్లు సంగతి ఎక్కడా ఎత్తకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడేది మనకేగా" అన్నది. వాడు సరేనని తలూపి, చెట్టును బట్టలుతికే బండ పక్కన పెట్టి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. కౌలు వదిలేశాడు. ఇప్పుడు సున్నపురాయి క్వారీలో కాటా దగ్గర కూర్చుంటున్నాడు. పోయిన నెల బజారులో కనబడితే, కనుబొమల దాకా తెల్లటి దుమ్ము పట్టి ఉన్న తమ్ముణ్ని ఆమె ఒక్కక్షణం గుర్తుపట్టలేదు.

"సోమవారం లోపల మీరు కాయితం రాయండి" అంది. "నలభై పాకెట్లు నేనే ఇచ్చా, బిల్లు నేనే రాయలా అని. ఫొటో తీసి ఆఫీసు గుడిసె కాడ్నించి నందిగామ పంపుదాం. మనం తిరిగెళ్లేది మంగళవారం. అప్పటికి విచారణ అయిపోద్ది."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తుందా నీకు? వెనక్కి పంపమన్న సరుకు అమ్మానని నా చేత్తో నేను రాసిస్తే లైసెన్సు ఉంటుందా?" సాంబయ్య గొంతులో గదమాయింపు లేదు, అలసట ఉంది. "నాకు యాభై తొమ్మిదొచ్చినయ్. మోకాళ్లు పోయినయ్. ఆ కొట్టు తప్ప ఇంకో పని తెలీదు. కొట్టు మూసి ఏం చెయ్యమంటావ్, మీ తమ్ముడి పక్కన కాటా కాడ కూర్చోమంటావా? అలిసిపోయా భారతీ."

ఆ మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు. ఏడాదిగా ఆయన నిద్రలో పక్క మీద పొర్లుతూనే ఉన్నాడు. కారణం మోకాళ్లనుకుంది ఇన్నాళ్లూ.

"నేనూ అలిసిపోయానండీ" అంది. "కానీ వాడు మనకంటే చిన్నోడు. వాడు అలిసిపోకూడదు."

ఆ క్షణాన సాంబయ్య ఒక్క మాట మెత్తగా అన్నా, ఈ కథ ఇంకోలా నడిచేదేమో. ఆయన కళ్లు తడిసిన మాట నిజమే. కానీ ముప్ఫై ఏళ్లు కౌంటరు వెనక కూర్చున్న మనిషి, ఎదుటివాడు చేతిలో కాయితం లేకుండా వచ్చాడని తెలిస్తే ఏమంటాడో అదే అన్నాడు.

"అయినా నేనిచ్చినట్టు ఎక్కడుంది? బిల్లుందా? చీటీ ఉందా? వాడి నోటిమాట తప్ప రుజువేది?"

భారతీదేవి ఆయన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రుజువంటూ నిజంగానే ఆమె దగ్గర ఏమీ లేదు.

బయట మోజెస్ సన్నగా ఈల వేశాడు. ఏనుగు కాయలు చాలనుకుందేమో, గట్టు దిగి రెల్లుపొదల్లోకి పోయింది. దారి ఖాళీ అయింది. ఎప్పుడూ అయితే ముందు లేచేది సాంబయ్య. ఇవాళ భారతీదేవి లేచింది. బొబ్బల కాళ్లకు చెప్పులు తగిలించుకుని, ఫోను పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన.

"కొట్లో జనం ఉన్నారు" అంది.

క్యాంపు మొత్తానికి ఫోను పలికేది ఆఫీసు గుడిసె దగ్గరొక్కచోటే. తమ్ముడికి ఫోన్ చేయాలని వచ్చింది. చేసి ఏం చెప్పాలో తెలియదు. తప్పు మీ బావది అనాలా, నాది అనాలా? రుజువు లేకపోయినా కనీసం నిజమైనా వాడికి చెప్పాలి. అది అనుకుంటుండగానే ఫోను మేలుకుని టింగుటింగుమంటూ మెసేజ్‌లు కక్కింది. వాటిలో మరదలు పంపినవి రెండున్నాయి.

"వదినా, ఇవాళ శ్రావణ శుక్రవారం కదా, వేదాద్రి కుంకుమ పెట్టుకున్నారా? ఒకసారి ఎర్రదారం పూర్తిగా విప్పి, గుడ్డ తీసి చూడండి."

రెండోది దాని కిందే ఉంది. "కుంకుమ పోసింది పోయినేటి విత్తనాల కట్టలో పైపాకెట్టులోనే వదినా. ఇంటి చూర్లో దొరికింది. విచారణకి ఫొటో పంపినా చాలంట, పంపాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీ కాపురంలో నేను చిచ్చు పెట్టలేక మీ చేతికే ఇచ్చా. మీరు పంపకపోయినా ఏమీ అనుకోను. మీ తమ్ముడికి ఇదేమీ తెలీదు."

భారతీదేవి ఆ మాటలు రెండుసార్లు చదివింది. కట్ట మీది పాకెట్టు. కంపెనీ అచ్చువేసిన లాటు నంబరు ఒకపక్క. నీలం సిరాతో నరేంద్ర పేరు, ఊరు, పదో తారీఖు దాటిన తేదీ ఇంకోపక్క. అంతకు మించిన బిల్లు ఎవరు రాసిస్తారు? ఆరు రోజులుగా రోజూ పొద్దున్నే దానిలో వేలు ముంచి తాను బొట్టు పెట్టుకుంటోంది. గుడ్డ విప్పి చూసే ఓపిక చేయలేదు. అంత నమ్మకంతో దాన్ని తన చేతిలో పెట్టిన మరదలు తలపుకొచ్చి ఆమెకు ఏడుపొచ్చింది.

మరుక్షణం గుర్తొచ్చింది. పొట్లం వసారాలో బల్ల మీద ఉంది. ముడి వదులుగా ఉంది. తెరిచిన పాకెట్టు కనబడితే మూడు మడతలు పెట్టి మూయందే సాంబయ్య చేయి ఊరుకోదు. విమానంలో ఎవరో వదిలేసిన పల్లీల పాకెట్టును కూడా అలాగే మడిచి పెట్టాడు.

గిరుక్కున వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసేసరికి మోజెస్ చెయ్యి అడ్డం పెట్టాడు. రెల్లుపొదల్లోంచి ఏనుగు మళ్లీ పైకొచ్చింది. ఈసారి దాని వెనక పిల్ల కూడా ఉంది. తల్లి చెవులు విప్పి దారి మధ్యలో నిలబడింది. అరవకూడదు, కదలకూడదు.

ఏనుగు పక్కనుంచి, అవతల తమ గుడిసె వసారా స్పష్టంగా కనిపిస్తోంది. సాంబయ్య నిలబడి ఉన్నాడు. పసుపు గుడ్డ ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, వెండిరంగు పాకెట్టును ఎండకు పట్టి, తన రాత తానే చదువుకుంటున్నాడు. చదవడం అయ్యాక తలెత్తి, ఇన్ని గజాల దూరం నుంచి సూటిగా భార్య వైపు చూశాడు.

"ఏవండీ" అని భారతీదేవి పెదవులు మాత్రం కదిపింది.

సాంబయ్య పాకెట్టును పిడికిట్లో మూశాడు. వేళ్ల సందుల్లోంచి కుంకుమ ఆయన తెల్ల బనీను మీదికి రాలింది. ఆయన మెల్లగా నది వైపు తిరిగాడు.